పెట్టె పెద్దది, పరిచే గుడ్డ చిన్నది

బిష్కెక్,
2012 మే 28

నా బంగారు తాలాయ్‌కి,

మందా మనుషులూ క్షేమమా? గాలి చల్లగా కొడుతోందా, మోకాలు నొప్పి పెడుతోందా? ఇక్కడ నేను బాగానే ఉన్నాను, బజారు దుమ్ము తింటూ.

సబీర్ మినీబస్సులో పంపుతున్న సంచీలో పైన టీపొడి ఉంటుంది, అడుగున పంచదార, మధ్యలో ఉన్ని మేజోళ్ళు. మేజోళ్ళలో చెయ్యి పెట్టి చూడు. ఫోన్ ఉంది. సబీర్‌కి చెప్పలేదు. మంచివాడే గానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. సగం దారిలోనే బస్సంతా నీ ఫోన్ గురించే మాట్లాడుకుంటుంది.

రెండు చచ్చిన ఫోన్లలోంచి నేను బతికించిన ఫోన్ ఇది. ఒకదాని అద్దం, ఇంకోదాని లోపలి సామాను. వేలితో నొక్కితే పలుకుతుంది. మందలో ప్రతి గొర్రెకీ ఫొటో తియ్యి. ఎవరైనా ఏదైనా చెప్పబోతే "కాస్త ఆగండి" అని ఎర్ర బొత్తాం నొక్కు. వాళ్ళ మాట వాళ్ళ గొంతుతోనే అందులో ఉండిపోతుంది, తర్వాత నిదానంగా వినొచ్చు. అప్పుడు ఒకరి మాట ఇంకొకరి మాటని నీ తలలోంచి తోసెయ్యదు.

కోక్‌బోరు ఆటలో నువ్వు గుర్రం మీంచి పడి తలకి దెబ్బ తగిలి రెండేళ్ళు కావస్తోంది. మాట్లాడుతుంటే మొదటి మాట పోతుంది, కాగితమైతే నా కోసం ఆగుతుంది అని నువ్వే అన్నావు. అందుకే ఉత్తరాలు. బజార్లో మా దుకాణాల వరసలో అందరూ నవ్వుతున్నారు. "ఫోన్లు బాగుచేసే మనిషివి, ఉత్తరాలు రాస్తావేంటమ్మా?" అని.

నీకు తెలిసిందే అయినా మళ్ళీ రాస్తున్నాను, కాగితం మీద ఉండాలి కాబట్టి. ఇరవై మూడు ఇళ్ళ గొర్రెలు, మూడొందల నలభై, ఈ ఒక్క వేసవికి నీకు అప్పగించారు. సెప్టెంబరులో కిందకి దిగినప్పుడు ఎవరి గొర్రె వాళ్ళకి చేరితే మందని కాసే పని ఇక నీదే. తారుమారైతే మన ఊరి మిర్లాన్‌కి పోతుంది. నాన్న ముప్పై ఏళ్ళు కాసిన మంద అది.

నాన్న అంటే గుర్తొచ్చింది. ఆయన మందని దొడ్లోకి తోలుతుండగా ఎవరో రికార్డు చేసిన పాత క్యాసెట్ ఒకటి ఉంది కదా, దాన్ని ఫోన్లోకి ఎక్కించాను. ఎక్కుతున్నంతసేపూ నేను బయట నిలబడి టీ తాగాను. ఆయన పోయి నాలుగేళ్ళయినా ఆ గొంతు వినే ధైర్యం నాకింకా రాలేదు. నువ్వు విను.

నీ అక్క,
జిపార్


సోంగ్-కోల్ సరస్సు ఒడ్డు,
జూన్ 14

జిపార్ ఎజేకి తాలాయ్ సలాం.

మంద క్షేమం. నేను క్షేమం. నువ్వూ క్షేమంగా ఉండాలి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారికి మేజోళ్ళ మాట పట్టు దొరికింది. అప్పటికే ఒకటి తొడుక్కుని ఉన్నాను. ఫోన్ రెండోదాంట్లో ఉంది, అల్లా దయ.

ఫోన్ చాలా బావుంది. కాలిపా అపా డేరా పక్కనే నా డేరా. ఆవిడ దగ్గర ఎండకి కరెంటు పట్టే పలక ఉంది, దాంతో నింపుకుంటున్నాను. అందరి గొర్రెలకీ ఫొటోలు తీశాను. ఎనిమిది రోజులు పట్టింది. గొర్రె మన వైపు చూడదు. మేక చూస్తుంది. కాలిపా అపా తన మేకని కూడా తీయించుకుంది. "మూడు తీశావు, ఒక్కదాంట్లోనూ నవ్వలేదేంట్రా?" అంది.

ఒక చిక్కు ఉంది. ఫొటో చూస్తూ, ఆ గొర్రె గురించి యజమాని చెప్పిన మాట విందామని నొక్కితే ఫొటో పోతుంది. మళ్ళీ ఫొటో తెరిస్తే మాట ఆగిపోతుంది. మూడోది ఏదైనా నొక్కానా, కొయ్యబారిపోతుంది. ఎంతసేపు చూసినా కదలదు. కాసేపటికి ఏమీ ఎరగనట్టు మొదటికి వస్తుంది. దీనికేం చెయ్యాలి?

నాన్న గొంతు ఇంకా నొక్కలేదు. అవసరం వచ్చినప్పుడు వింటాను.

పెరుగు ఎండబెట్టి చేసిన కురుత్ ఉండలు పంపుతున్నాను. ఉప్పు ఎక్కువైంది. రెండుసార్లు వేశాననుకుంటాను.

తాలాయ్


బిష్కెక్,
జూన్ 25

తాలాయ్,

మంద క్షేమమా? ఎదురుగా ముగ్గురు నిలబడి "మాది అయిందా, మాది అయిందా" అని ప్రాణం తీస్తున్నారు. సబీర్ హారన్ కొడుతున్నాడు. అందుకే నాలుగే ముక్కలు.

నీ ఫోన్‌కి జబ్బేం లేదు. మోయలేనంత ఎక్కిస్తే గుర్రం ఏం చేస్తుంది? నిలబడిపోతుంది. ఇదీ అంతే. బరువు దించు, అదే నడుస్తుంది.

అప్పటికీ నడవకపోతే మనసు కష్టపెట్టుకోకు. నా బల్ల పక్కన ఇంకో కుర్చీ వేయించాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగి వచ్చెయ్. మంద పోతే పోయింది.

కురుత్‌కి ఉప్పు సరిపోయింది. అబద్ధం. బాగా ఎక్కువైంది. అయినా అన్నీ తినేశాను.

జిపార్


సోంగ్-కోల్,
జూలై 6

ఎజే,

బరువు దించాను.

ముందు మేక ఫొటోలు తీసేశాను. ఫోన్ మళ్ళీ ఆగింది. అయిదు ఇళ్ళ గొర్రెల ఫొటోలు తీసేశాను. ఆగింది. నువ్వు వేసిన పాటలన్నీ తీసేశాను. ఆగింది. గుర్రం ఇంకా కదలకపోతే అన్నిటికన్నా బరువైనది దించాలి. నిన్న నాన్నని తీసేశాను. నేనింకా వినలేదు కదా, వినని దాన్ని తీస్తే నొప్పి తక్కువ అనుకున్నాను. తక్కువ కాదు.

అయినా ఆగుతూనే ఉంది.

మంద పోతే పోయింది అని రాశావు. మొన్న గుర్రం పాల కుమీస్ తాగడానికి ఊళ్ళోంచి ఒరోజ్ అక్సకల్ వచ్చాడు. ఊరిపెద్ద కదా, అడిగాను. ఒక్క వేసవే ఎందుకు, మా నాన్నకి ముప్పై ఏళ్ళు ఇచ్చారు కదా అని. "ఆ మాట మాది కాదురా, మీ అక్కది. ఒక్క వేసవి చూడండి, చేతకాకపోతే వాణ్ణి నేనే తీసుకుపోతానంది" అన్నాడు.

కుర్చీ ముందే వేయించావన్నమాట.

తాలాయ్


బిష్కెక్,
జూలై 13

తాలాయ్,

ముందు ఇది ఒక్కటే చదువు. చదివి, చేసి, తర్వాత మిగతాది చదువు.

ఫోన్లో ఇంక ఒక్క ఫొటో కూడా తియ్యకు. ఒక్క మాట కూడా ఎక్కించకు. వెనక మూత తీస్తే గోరంత నల్ల ముక్క ఉంటుంది. దాన్ని బయటికి తియ్యి.

తీశావా? సరే.

తీసేసిన వస్తువు వెంటనే చెరిగిపోదు. ఈ చోటు ఖాళీ అని ఫోన్ గుర్తు పెట్టుకుంటుందంతే. ఆ చోటులో కొత్తది పడితేనే పాతది పోతుంది. ఆ నల్ల ముక్కని గుడ్డలో చుట్టి సబీర్‌కి ఇస్తే నాన్న గొంతుని వెతికి తీయగలనేమో. మాట ఇవ్వలేను. కానీ అది పంపేస్తే నీకు ఫొటోలు ఉండవు, మాటలు ఉండవు. సెప్టెంబరులో మంద పంచేటప్పుడు నీ తలే నీకు దిక్కు. ఆలోచించుకో. నీకు చెప్పనిది ఒకటుంది. ఎక్కించిన రోజే క్యాసెట్ యంత్రంలో చుట్టుకుని తెగింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. ముందే చెప్పకపోవడం నా తప్పు.

ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు చేశావని తిట్టబోయాను. తర్వాత నా ఉత్తరం నేను గుర్తు చేసుకున్నాను. అగ్గిపెట్టె ఇచ్చింది నేనే. గొర్రెలు కాసేవాడికి గుర్రం సామెత చెబితే వాడు గుర్రాన్నే చూసుకుంటాడు మరి. బరువు దించు అంటే, తెరిచినవి మూసెయ్ అని నా ఉద్దేశం. పారెయ్ అని కాదు.

ఈసారి సరిగ్గా చెబుతాను. మన ఇంట్లో అమ్మ పూలబొమ్మల చెక్కపెట్టె గుర్తుంది కదా? దానిలో బట్టలు, దాని మీద కప్పుదాకా బొంతలు. అది దాచుకునే చోటు. డేరా మధ్యలో పరిచే దస్తర్‌ఖాన్ ఉంది చూడు, అది వేరే. పెట్టెలోంచి, అటక మీంచి ఏది తీసినా తినాలంటే ఆ గుడ్డ మీద పెట్టాలి. ఫోన్లో కూడా ఆ రెండూ వేరు వేరు చోట్లు. నీ ఫోన్లో పెట్టె చాలా పెద్దది, సగం కూడా నిండలేదు. దస్తర్‌ఖానే చేతిరుమాలంత. అలాంటివి ముప్పై రెండు మడిచి ఆ పెట్టెలో పెట్టొచ్చు, అంత తేడా. రుమాలు మీద రొట్టె పెట్టాక టీగిన్నె పెట్టాలంటే రొట్టె తీసెయ్యాలి. ఫోన్ చేసింది అదే. నువ్వేమో గుడ్డ చాలలేదని పెట్టె మీది బొంతలు బయట పారేశావు. వెయ్యి బొంతలు పారేసినా గుడ్డ జానెడు పెరగదు నాయనా.

ఒక్కటి పెట్టు. తిను. తియ్యి. ఇంకోటి పెట్టు. అంతే.

నీ మీద కోపం లేదు. నా మీదే ఉంది.

జిపార్


సోంగ్-కోల్,
జూలై 24

ఎజేకి సలాం.

మంద క్షేమం. నేనూ క్షేమం.

దస్తర్‌ఖాన్ సంగతి మూడు రోజులు చదివాను. వేరేది ఏదీ చదవలేదు. ఎజే, అది ఫోన్ సంగతి కాదు. నా సంగతి.

మొన్న కాలిపా అపా "ఉప్పు తే, కెటిల్ పొయ్యి మీద పెట్టు, దారిలో మా ఆయన్ని పిలువు" అంది. బయటికి వెళ్ళి నిలబడ్డాను. ఏమీ లేదు. ఆకాశం చూసి తిరిగి వచ్చేశాను. ఆవిడ నవ్వింది, తర్వాత నాకు కనబడకుండా కళ్ళు తుడుచుకుంది. అదే రోజు ఆవిడ తన పాత ఎర్ర గుర్రం పేరు మర్చిపోయింది. నా పదో ఏట చచ్చిపోయిన గుర్రం. పేరు నేను చెప్పాను. దాని తల్లి పేరు కూడా చెప్పాను. ఏ చలికాలం కుంటిదయిందో చెప్పాను. ఆవిడ చెయ్యి నోటి మీద పెట్టుకుంది.

నా పెట్టె నిండే ఉంది ఎజే. రెండేళ్ళుగా అందరూ పెట్టె ఖాళీ అయిందని చూస్తున్నారు. పాపం అంటున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. పోయింది గుడ్డ ఒక్కటే. గుర్రం మీంచి పడ్డప్పుడు అది చిరిగింది. ఇప్పుడు కాలిపా అపాకి చెప్పాను, ఒక్కటే చెప్పమని. ఉప్పు అంటే ఉప్పు తెస్తున్నాను. తర్వాత కెటిల్ అంటుంది. ఆవిడకి నోరు నొప్పి, నాకు కాళ్ళు నొప్పి. అయినా ఇద్దరికీ బావుంది.

ఆలోచించుకోమన్నావు. ఆలోచించాను. ఫోన్ గుడ్డా చిన్నదే, నా గుడ్డా చిన్నదే. రెండూ కలిపి కుట్టినా పెద్దది కాలేదు. నల్ల ముక్క పంపుతున్నాను. గొర్రెలు నా పెట్టెలో ఉన్నాయి. నాన్న గొంతు నా దగ్గర లేదు, అది నువ్వు తీసుకురావాలి.

పెట్టె గురించి పొడుగ్గా రాశావు. ఒరోజ్ అక్సకల్ చెప్పిన మాట గురించి ఒక్క ముక్క రాయలేదు. కాగితం ఆగుతుంది ఎజే. రెండోసారి చదివినప్పుడు లేనిది కూడా కనబడుతుంది.

తాలాయ్


బిష్కెక్,
ఆగస్టు 8

తాలాయ్,

నల్ల ముక్క చేరింది. సబీర్ దాన్ని కల్పాక్‌లో పెట్టుకుని, టోపీ తియ్యకుండా ఆరు గంటలు బండి నడిపాడట. చెమటతో తడిసిపోయి దిగాడు. "ఇందులో ఏముందమ్మా, బంగారమా?" అన్నాడు. మా నాన్న అన్నాను. ఇంకేం అడగలేదు, మొదటిసారి.

ఇప్పటిదాకా గొర్రెలే వస్తున్నాయి. తోకలు, చెవులు, కాలిపా అపా మేక. నాన్న ఇంకా రాలేదు. రోజూ దుకాణం పని అయ్యాక గంటసేపు కూచుంటున్నాను.

ఇక నువ్వు అడిగింది. రాయకుండా దాటేద్దామనే చూశాను, నిజం. నువ్వు పట్టుకున్నావు.

అవును, ఆ మాట నాదే. ఏప్రిల్‌లో ఒరోజ్ అక్సకల్ ఫోన్ చేసి "తాలాయ్‌కి ఇవ్వలేమమ్మా, మిర్లాన్‌కి ఇచ్చేస్తున్నాం" అన్నాడు. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. ఒక్క వేసవి చూడండి, నష్టం వస్తే వాణ్ణి నేను తీసుకెళ్ళిపోతాను, మళ్ళీ మంద అడగం అన్నాను. ఆ షరతు పెట్టకపోతే నీకు ఆ ఒక్క వేసవీ లేదు. అక్కడిదాకా నేను మంచి అక్కనే.

మిగతాది కూడా రాస్తాను. నా మనసులో సగం నువ్వు ఓడిపోవాలనుకుంది. ఓడిపోతే వస్తావు, నా కళ్ళ ముందు కూచుంటావు, కొండ మీద ఒక్కడివీ దారి మర్చిపోయి ఎక్కడ నిలబడ్డావో అని నేను హడలిపోనక్కర్లేదు అనుకుంది. నువ్వు పడ్డ రోజు ఆస్పత్రిలో నువ్వు నీ పేరేంటని నన్నే మూడుసార్లు అడిగావు. అప్పటినుంచీ నాకు నీ మీద నమ్మకం కన్నా భయమే ఎక్కువ. కుర్చీ నీ కోసం వెయ్యలేదురా. నా కోసం వేసుకున్నాను.

క్షమించమని అడగను. కాగితం మీద ఉంటుంది కదా, నీకు తోచినప్పుడల్లా చదువుకో.

జిపార్


ఊరినుంచి,
సెప్టెంబరు 16

జిపార్ ఎజేకి,

మందా మనుషులూ క్షేమం. నిన్న దిగాం. నీ ఆగస్టు ఉత్తరం జేబులో పెట్టుకునే దిగాను. చాలాసార్లు చదివాను. కోపం మొదటి మూడుసార్లే ఉంది.

జరిగింది వరసగా రాస్తాను.

మంద దొడ్లోకి రాగానే ఇరవై మూడు ఇళ్ళవాళ్ళూ లోపలికి దూకారు. పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. "మా బొల్లిది ఏది?", "తాలాయ్, మా కవలలేవి?", "ఒరే, ఇటు చూడు!" మిర్లాన్ అందరికన్నా గట్టిగా "మావి నల్లమొహం పిల్లలు మూడు, ఎక్కడ పెట్టావ్?" అని అరుస్తున్నాడు. నా గుడ్డ మీద ఏదీ నిలబడలేదు ఎజే. ఒకరి మాట ఇంకొకరి మాటని తోసేసింది. నేను కింద కూచుండిపోయాను. ఎవరో "పాపం, చెప్పాం కదా" అన్నారు. ఒరోజ్ అక్సకల్ నా వైపు చూసి తల దించుకున్నాడు.

అప్పుడు లేచాను. మనుషులందర్నీ దొడ్డి బయటికి పంపాను. కాలిపా అపా చీపురు పట్టుకుని సాయం చేసింది. తడిక వేసి, ఒక్క మనిషి పట్టేంత సందు మాత్రం వదిలాను. నాన్న గొర్రెల్ని లెక్కపెట్టేటప్పుడు వదిలే సందు. సందులో నేను నిలబడ్డాను. "ఒక్కొక్కరే రండి. తోసుకోకండి. మీరంతా నాకు తెలుసు" అన్నాను. నాకు అంత గట్టి గొంతు ఉందని నాకే తెలియదు. ఆ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో కూడా తెలియదు.

ఒక ఇల్లు వచ్చింది. వాళ్ళ గొర్రెలన్నీ చూపించాను. ఏది ఎప్పుడు కుంటిందో, ఏ పిల్ల ఏ తల్లిదో చెప్పాను. వాళ్ళు వెళ్ళాక ఇంకో ఇల్లు. పొద్దుటి టీ నుంచి మధ్యాహ్నం నమాజు దాకా పట్టింది. ఏ ఇంటివో తెలిపే చెవి గాట్లు చూసి సరిచూసుకున్నారు. ఒక్కటి కూడా తేడా రాలేదు. ఆగస్టులో తోడేలు తిన్నది ఒకటి ఉంది. దాని చెవికి ఉప్పు రాసి దాచి తెచ్చాను, యజమాని చేతిలో పెట్టాను. అందరికన్నా చివర మిర్లాన్. మూడు నల్లమొహం పిల్లల్నీ తల్లులతో సహా అప్పగించాను. జూలైలో ఒకదానికి కన్ను వాచిందని కూడా చెప్పాను. వాడు కల్పాక్ తీసి తల గోక్కున్నాడు. "ఇంకా ఏమైనా ఉందా?" అన్నాను. లేదన్నాడు.

ఒరోజ్ అక్సకల్ వెళ్ళిపోతూ "వచ్చే ఏడు జూన్ దాకా ఆగకు. నాలుగు రోజులు ముందే ఎక్కు, గడ్డి బావుంటుంది" అన్నాడు. అంతే అన్నాడు. కాలిపా అపా ఏడ్చింది.

కుర్చీ ఉంచు. చలికాలం వారం రోజులు వస్తాను. కూచోడానికి కాదు, నిన్ను చూడ్డానికి.

తాలాయ్


బిష్కెక్,
సెప్టెంబరు 16

తాలాయ్,

మంద ఈ పాటికి దిగి ఉంటుంది. నీ దగ్గర్నుంచి ఇంకా కబురు లేదు. ఏమైందో తెలియకుండానే రాస్తున్నాను, తెలిశాక రాస్తే దీనికి విలువ ఉండదు. కుర్చీ తీసేశాను. పక్క దుకాణం వాళ్ళకి ఇచ్చేశాను. నువ్వు గెలిచినా ఓడినా అది ఇక్కడ ఉండకూడదు. ఎప్పుడైనా వస్తే నా కుర్చీలో కూచో, నేను నిలబడతాను.

నిన్న నాన్న దొరికాడు.

మొత్తం రాలేదు. నలభై సెకన్లలో పందొమ్మిది మిగిలాయి. ముందు ఆయన పిలుపు ఉండాలి, అది పోయింది. ఈసారి బయటికి వెళ్ళి టీ తాగలేదు. తలుపు వేసుకుని విన్నాను. గొర్రెల అరుపులు, తడిక చప్పుడు, మధ్యలో ఆయన గొంతు. మనుషులతో మాట్లాడినట్టు గొర్రెలతో మాట్లాడుతున్నాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను: "ఒక్కొక్కరే రండి. తోసుకోకండి. మీరంతా నాకు తెలుసు."

తర్వాత ఒక చిన్న పిల్లాడి నవ్వు ఉంది, కిలకిలమని. అది నువ్వే. గొర్రెల్ని "రండి" అంటున్నాడని నవ్వుతున్నావు.

ఈ నల్ల ముక్కని సబీర్ చేత పంపుతున్నాను. దాన్ని ఫోన్లో పెట్టు. ఇంకేదీ తెరవకు. ఇది ఒక్కటే విను.

నీ అక్క,
జిపార్